లేడంటే ఇంట్లో లేడని

సాయంత్రం ఐదయ్యేసరికి పాపాయి టీవీకి ఎదురుగా కూర్చునేది కాదు, పక్కగా కూర్చునేది. ప్లాస్టిక్ కుర్చీ గోడవారకి లాక్కుని, మొహం మొగుడి వైపు తిప్పుకునేది. చూసినవాళ్ళు నవ్వేవారు. కానీ ఆ ఇంట్లో కొరియా కథ టీవీలోంచి వచ్చేది కాదు, నారాయణసామి నోట్లోంచి వచ్చేది. బొమ్మ కింద మలాయి అక్షరాలు పరిగెడుతుంటే, ఆయన కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, గబగబా చదివి, తెలుగు చేసి చెప్పేవాడు. పాపాయికి మలాయి మాట్లాడ్డం వచ్చు. చదవడం అంటే బస్సు మీద ఊరి పేరు, మందు సీసా మీద పూటకెన్ని అన్నంత వరకే. తోట బడిలో మూడో తరగతి, అదీ అరవంలో. అందుకని ఆవిడ చూపంతా ఆయన పెదాల మీదే ఉండేది. ఎవరు ఏడుస్తున్నారో చూసుకోడానికి ఓసారి బొమ్మ వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగిపోయేది.

ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి చూస్తోంది. టీవీకి ఎదురుగా కూర్చుంటోంది.

వాళ్ళ ఇల్లు మలాయి దేశంలో, కౌలా సెలంగోర్‌లో, పామాయిలు తోటల అంచున. వరస ఇళ్ళలో ఆఖరిది. నారాయణసామి ముప్పై ఏళ్ళు ఆయిలు మిల్లులో గెలల లారీలు తూచి, తూచి, రిటైరైనాడు. ఆయన తాత శ్రీకాకుళం వైపు నించి రబ్బరు తోటలకి వచ్చినోడు. తాత మాట ఆయన నోట్లో చెక్కుచెదరకుండా ఉండేది. పాపాయి మాటా అదే. ఒక్కగానొక్క కూతురు యోగేశ్వరిది క్లాంగులో ఫ్యాక్టరీ పని, అరవం కలిసిన మాట. ఆవిడ కూతురు తనూషకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం వేరే భాషలో, చివర ఓ మలాయి 'లా' తగిలించుకుని వస్తుంది. అంచేత ఇంట్లో తెలుగు మాట్లాడ్డానికి మిగిలింది ఇద్దరు. ఒక టీవీ.

కథేమో ఓ సముద్రం ఒడ్డు ఊరిది. యాభై గడపలుంటాయి. అందరికీ అందరి సంగతీ కావాలి. ఎవరింట్లో కూర మాడినా ఊరంతా ముక్కు ఎగరేస్తుంది. పడవలకి ఐసు కొట్టిచ్చే విధవావిడ ఒకర్తె. ఆవిడకి పెళ్ళీడు కూతురు. పట్నం నించి వచ్చిన కుర్ర డాక్టరు. వలలు బాగుచేసే ఒక ముసలాయన, ఆయన పెళ్ళాం. కొరియా పేర్లకి నోరు తిరగక నారాయణసామి అందరికీ కొత్త పేర్లు పెట్టేశాడు. ఐసు ఆవిడ ఐసమ్మ. డాక్టరు సూదోడు. వలల ముసలాయన వలల తాత.

"ఏటంతంది ఐసమ్మ?"

"నీకు సిగ్గు లేదా అంతంది కూతుర్ని."

"అంత సేపు మాటాడితే అంతేనా?"

"మిగిలిందంతా తిట్లు. నీకెందుకవి?"

"సెప్పు."

"మొగుడి నోట తిట్లు ఇనాలనుంటే కథెందుకే, నన్ను అడిగితే సాలదా?"

నలభై భాగాల కథ అన్నారు. పన్నెండో భాగం అయిన మర్నాడు పొద్దున్న, నారాయణసామి పళ్ళు తోముకుంటూ, గుండె పట్టుకుని నీళ్ళ తొట్టి పక్కన కూర్చున్నాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

పదహారో రోజు కార్యం అయ్యేదాకా టీవీ మీద దుప్పటి కప్పి ఉంచారు. యోగేశ్వరి సెలవు అయిపోయి వెళ్ళేముందు, అమ్మకి ఒంటరిగా తోచదని, తనూష చేత టీవీ పెట్టించింది. ఆ పిల్ల ఏవో బొత్తాలు నొక్కి, "అమ్మమ్మా, నీ కొరియన్ స్టోరీ మళ్ళీ ఫస్ట్ నించి వేస్తున్నాడు, మూడు గంటలకి," అంది. ఒక భాగం పక్కన కూర్చుని చూసింది కూడా.

"ఏటంతన్నారే?"

"ఫైటింగ్ లా."

"ఎందుకు?"

"జస్ట్... కోపం లా, అమ్మమ్మా."

ఐసమ్మ చేపల బుట్ట తిరగేసి మరీ అరుస్తోంది. తనూష లెక్కలో అది కోపం. పాపాయి ఇంకేమీ అడగలేదు. అడగక్కర్లేదు కూడా, ఆ పన్నెండు భాగాలూ ఆవిడకి వచ్చు. ఐసమ్మ నోరు తెరవగానే నారాయణసామి ఏం అన్నాడో గుర్తొచ్చేది. పన్నెండు రోజుల పాటు ఎవరూ చదవకుండానే ఆవిడకి కథ అర్థమైంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించలేదు.

అప్పుడే చేపల ఆ లాన్ తిరిగొచ్చింది.

ఆ లాన్ అన్నది పేరే, మోటారుసైకిలు మీద చేపలమ్మే చీనావిడ. నది అవతల పాసిర్ పెనాంబాంగ్‌లో పడవలు ఆగే చోట ఉంటుంది. వయసు యాభై దాటి ఉంటుంది. వెనక సీటుకి ఐసు పెట్టె కట్టుకుని, పొద్దున్న పదింటికి వచ్చి, రెండుసార్లు హారన్ కొట్టేది. నారాయణసామి బనీనుతోనే గేటు దగ్గరికి పోయేవాడు. చేప కొనడం రెండు నిమిషాలు, కొరియా కథ అరగంట. ఆవిడ ఇంట్లో చీనా అక్షరాలు పెట్టుకుని చూస్తుంది, ఈయన మలాయి అక్షరాలు. రెండిట్లో రెండు రకాలుగా ఉండేదట. గేటు పట్టుకుని వాదించుకునేవారు.

"ఐసమ్మ ఆ డాక్టర్ని కుక్కా అంది," ఆయన.

"నా అక్షరాల్లో కుక్క లేదు సామీ. పంది అని ఉంది."

"మా టీవీలో పంది రాయరు లా, మలాయివాళ్ళకి పనికిరాదు."

ఇద్దరూ పకపకా నవ్వేవారు. ఆవిడ వెళ్ళేముందు మాగ చేప కోసి, తల ఆయనకని వేరే సంచీలో వేసేది. మాగ తలకాయ పులుసంటే ఆయనకి ప్రాణం. పాపాయికి తోక వైపే ఇష్టం, తల ముట్టేది కాదు.

ఆయన పోవడానికి వారం ముందు ఆ లాన్ కూతురి పురిటికి క్లాంగు వెళ్ళింది. నెల అక్కడే ఉండి, బాలింతనీ పిల్లాణ్ణీ తనింటికి తెచ్చుకుని, మళ్ళీ బండి తీసింది. ఆ వరసలో ఆవిడ దగ్గర కొనేది పాపాయి వాళ్ళే. పక్కింటి లెచ్చుమికి కొడుకు మార్కెట్టు నించి తెస్తాడు. అంచేత ఆవిడకి కబురు చెప్పినవాళ్ళు లేరు.

పదింటికి హారన్ రెండుసార్లు మోగింది. పాపాయి గేటు దగ్గరికి వెళ్ళింది.

"సామి ఉన్నాడా?" అంది ఆ లాన్, మలాయిలో. ఇద్దరి మధ్యా నడిచేది బజారు మలాయే.

"తక్ అడా," అంది పాపాయి. లేరు అని.

"అయ్యో. మగపిల్లాడని చెప్పుదామనుకున్నా. మనవడు! నాలుగు కిలోలు! రేపు మాగ తెస్తానని చెప్పు సామికి." బండి తిప్పేసి వెళ్ళిపోయింది.

మర్నాడు మాగ తెచ్చింది. తల వేరే సంచీలో వేసింది. "ఇంకా రాలేదా? ఎక్కడికెళ్ళాడు?"

పాపాయి తల ఉన్న సంచీ వైపు చూసింది. "దూరం," అంది.

"కూతురింటికా?"

పాపాయి సంచీ అందుకుంది. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

మొదటి రోజుది తప్పు. రెండో రోజుని తప్పు అనడానికి లేదు.

అలా మొదలైంది. పొద్దున్న పదింటికి ఆ గేటు దగ్గర అరగంట సేపు నారాయణసామి ఎక్కడో ఉన్నాడు. కూతురింట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు, అక్కడి వంట బాగుండి రావడం లేదు, మనవరాలితో తగువు పెట్టుకుంటున్నాడు. ఇవేవీ పాపాయి చెప్పినవి కావు. ఆ లాన్ అడగడం, ఆ లానే జవాబు చెప్పుకోవడం. పాపాయి ఊ కొట్టేది. మిగతా ఊళ్ళో అందరూ ఆయన్ని "పాపం, మంచోడు" అనేసి ముగించేశారు. ఈ ఒక్కావిడ మాత్రం "ఈ సామి ఏం మనిషి!" అని విసుక్కునేది. పోయినోళ్ళని విసుక్కోరు. ఆ విసుగు వినడానికే పాపాయి పదింటికి ముందే గేటు దగ్గర నిలబడేది.

పదమూడో భాగం నించి కథ కూడా గేటు దగ్గరే వచ్చింది. పాపాయి ముందు రోజు మధ్యాహ్నం బొమ్మ చూసేది. మర్నాడు పొద్దున్న ఆ లాన్ దాని అర్థం చెప్పేది. పాపాయిని ఆచీ అని పిలిచేది, అక్కా అన్నట్టు.

"శ్రద్ధగా విను ఆచీ. సామి మధ్యలో వదిలి వెళ్ళాడు కదా, వచ్చాక నువ్వే చెప్పాలి. తప్పు చెప్పావంటే నన్ను తిడతాడు."

పాపాయి శ్రద్ధగా వినేది. సూదోడు కోపంతో ఊరు వదిలి ఎందుకు వెళ్ళాడు, ఐసమ్మ ఆ ఉత్తరం ఎందుకు కాల్చింది, అంతా. రాత్రి పడుకునే ముందు మనసులో తెలుగు చేసుకునేది. ఐసమ్మ చేత పంది అనిపించాలా కుక్క అనిపించాలా అని కూడా ఆలోచించేది.

మాగ తల మాత్రం తప్పించుకోడానికి లేకపోయింది. పారెయ్యడానికి మనసొప్పేది కాదు. ఎవరికైనా ఇస్తే ఎందుకూ అని అడుగుతారు. పులుసు పెట్టుకుని, కళ్ళ వైపు చూడకుండా, తినేది.

లెచ్చుమికి ఇదంతా గోడ అవతలనించి వినపడుతూనే ఉంది. వారం ఊరుకుంది. తర్వాత బట్టలారేస్తూ గోడ మీంచి తల పెట్టింది.

"వదినా, అన్నయ్య యోగి ఇంట్లో ఉన్నాడేటి?"

"నానలా సెప్పినేదు."

"సెప్పినేదు. ఊ కొట్టినావు."

"ఊ కొడితే తప్పేటి?"

"ఆ సీనామనిసి పిచ్చిది కాదొదినా. ఎప్పుడో తెలుత్తాది. అప్పుడు నీ మొగం ఎక్కడెట్టుకుంతావు?"

"ఉన్న దగ్గిరే ఎట్టుకుంతాను. నీ బట్టలు నువ్వారేసుకో."

ముప్పై ఒకటో భాగం దగ్గర చిక్కొచ్చింది. వలల తాత నాలుగు రోజులుగా బొమ్మలో కనపడ్డం లేదు. ఆయన పెళ్ళాం ఒక్కర్తే వల ముందేసుకుని కూర్చుంటోంది. ఊళ్ళో ఆడవాళ్ళు వంతులేసుకుని ఆవిడింటికి గిన్నెలు మోస్తున్నారు. పాపాయి అనుకుంది, తాత ఏదో పెద్ద పడవ మీద పనికి వెళ్ళుంటాడు, ఈవిడికి జ్వరమేమో అని. మర్నాడు పొద్దున్న అడిగింది.

"తాత ఎక్కడికెళ్ళాడు?"

"డా తక్ అడా లా," అంది ఆ లాన్, పొలుసు గీరుతూ.

"ఎప్పుడొస్తాడు?"

ఆ లాన్ కత్తి ఆపేసింది. "ఎప్పుడు రావడమేంటి ఆచీ? డా తక్ అడా! చచ్చిపోయాడు. నిన్నటి దాంట్లో పడవ మునిగిందని కబురొచ్చింది, నువ్వు నిద్రపోయావా?"

"తక్ అడా అన్నావు కదా."

"తక్ అడా అన్లేదు, *డా* తక్ అడా అన్నాను." పెట్టె మూత తీసి లోపలికి వేలు చూపించింది. "ఇలా చూడు. నువ్వొచ్చి కానాగంతలున్నాయా అంటావు. తక్ అడా అంటే ఇవాళ లేవు, రేపు రా. డా తక్ అడా అంటే ఉన్నవన్నీ అయిపోయాయి, ఇంక అడక్కు. మనుషులూ అంతే. తక్ అడా అంటే బజారుకి పోయాడు. నీ సామిలాగ. డా తక్ అడా అంటే..." కత్తితో మాగ తల ఒక్క దెబ్బకి వేరు చేసింది. "ఇదిగో, ఇది సామికి."

పాపాయి ఆ మలాయి మాటలు రెండూ పుట్టినప్పటినించీ వింటున్నదే. తెలియదని కాదు, ఎప్పుడూ తూచి చూసుకోలేదు. తెలుగులో ఒక్కటే మాట. లేరు. బజారుకి వెళ్ళినా లేరే, కట్టెల మీదకి వెళ్ళినా లేరే. వినేవాళ్ళే మొహం చూసి తెలుసుకోవాలి. ఆ మొదటి రోజు ఆవిడ లోపల పుట్టింది "లేరు" అన్న మాట. నోటి దగ్గరికి వచ్చేసరికి "తక్ అడా" అయింది. ముందు ఉండాల్సిన చిన్న "డా" ఎక్కడో రాలిపోయింది. ఆ లాన్ బండి దిగలేదు, మొహం చూడలేదు, మనవడి సంతోషంలో ఉంది.

ఇప్పుడు ఆ రాలిన ముక్క తీసి పెట్టాలంటే ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు. ఆవిడ పెట్టలేదు. సంచీ పుచ్చుకుని లోపలికి వచ్చింది.

కథ ఆఖరి వారానికి వచ్చింది. సోమవారం పొద్దున్న ఆ లాన్ మహా హుషారుగా ఉంది.

"శుక్రవారంతో అయిపోతుంది. సామిని రమ్మను. చివరిది ముగ్గురం కలిసి చూడాలి. నేను మీ ఇంటికే వస్తా, వేయించిన సొతొంగ్ ముక్కలు తెస్తా. ఇన్నేళ్ళలో మీ ఇంట్లోకి ఒక్కసారీ రాలేదు నేను, తెలుసా? గేటు దాకానే."

పాపాయి ఏదో అనబోయింది. ఆ లాన్ ఆగే రకం కాదు.

"నిన్న మా చిన్నాన్న పోయాడు. వెళ్ళలేదు."

"సొంత చిన్నాన్నా?"

"ఎలా వెళ్తాను? ఇంట్లో పసిగుడ్డు ఉంది కదా. చావు జరిగి నూరు రోజులు అయ్యేదాకా ఆ ఇంటి గడప తొక్కకూడదు మాకు. తొక్కి ఇంటికెళ్తే పిల్లాడికి తగులుతుంది. మా అమ్మకి అలాగే ఒకడు పోయాడు, నాకన్నా పెద్దోడు. పిచ్చి నమ్మకం అంటారు మా పిల్లలు. అననీ."

బండి వెళ్ళిపోయాక కూడా పాపాయి గేటు పట్టుకునే ఉంది. నారాయణసామి పోయి డెబ్బై రోజులు కూడా కాలేదు. శుక్రవారానికి డెబ్బై రెండు. లోపల గోడ మీద దండేసిన ఫోటో ఉంది, కింద దీపం ఉంది. ఆవిడ వస్తే మొదట చూసేది అదే.

ఇంతవరకు తన బాధ తనది, తన అబద్ధం తనది. చేప పుచ్చుకోడానికి ఎప్పుడూ తనే గేటు బయటకి వెళ్ళింది, ఆ లాన్‌ని లోపలికి రానిచ్చింది లేదు. అదైనా ఆవిడ మంచికని చేసింది కాదు, లోపల ఫోటో కనపడుతుందని చేసింది. ఇప్పుడు మధ్యలో ఒక పసివాడు వచ్చాడు. చెప్పకపోతే ఆవిడ తెలియక గడప తొక్కుతుంది. చెప్తే ఆ అరగంట పోతుంది. ఆయన ఎక్కడో ఉన్న ఆ ఒక్క చోటూ పోతుంది. ఆ లాన్ కూడా పోవచ్చు. ఆరు వారాలు ఊ కొట్టిన మనిషి మొహం మళ్ళీ ఎవరు చూస్తారు?

లెచ్చుమి దగ్గర జవాబు తయారుగా ఉంది. "ఒంట్లో బాగునేదని సెప్పీ వదినా. సుక్రారం వద్దనీ. అక్కడికి తీరిపోద్ది."

"మల్లీ వారం వత్తానంతాది."

"మల్లీ వారం ఇంకోటి సెప్పు. నూరు రోజులు నెట్టీ."

"నూరో రోజున ఏటి సెప్పను? నిన్ననే పోయినాడనా?"

లెచ్చుమికి నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు నాలిక కరుచుకుంది. "పోనీ నాను సెప్పీదా?"

"నువ్వు నోరు తెరిస్తే సూడు."

మంగళవారం చెప్పలేదు. బుధవారం ఆ లాన్ రాలేదు, పిల్లాడికి సూది వేయించే రోజట. గురువారం పాపాయి గేటు దాకా మాట తెచ్చుకుంది. ఆ లాన్ హెల్మెట్టు తీస్తూనే, "సామి బస్సెక్కాడా?" అంది. మాట మళ్ళీ లోపలికి పోయింది. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి కూడా నోరు తిరగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కాస్త ముందు బండి వచ్చింది. ఐసు పెట్టె లేదు. ఆ లాన్ పూల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, లిప్‌స్టిక్ కూడా వేసుకుంది. ఒక చేతిలో సొతొంగ్ డబ్బా, ఇంకో చేతిలో ఉడికించిన వేరుశనక్కాయల పొట్లం. గేటుకి లోపలినించి గొలుసు వేసి ఉంది. గొలుసు ఇవతల పాపాయి నిలబడి ఉంది.

"తియ్యి ఆచీ. ఎండ. సామి లేచాడా?"

"లోపలికి రాకు."

"ఏం?"

"సామి డా తక్ అడా."

ఆ లాన్ నవ్వింది. మాట మళ్ళీ తప్పు చెప్పిందనుకుంది. "డా కాదు ఆచీ, నేను చెప్పాను కదా, తక్..." అని పాపాయి మొహం చూసింది. ఈసారి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఎప్పుడు?"

"నువ్వు క్లాంగులో ఉన్నప్పుడు. ఇవాళ్టికి డెబ్బై రెండు రోజులు."

ఆ లాన్ ఒక అడుగు వెనక్కి వేసింది. తన చెప్పుల వైపు చూసుకుంది, గేటు కింద సిమెంటు గీత వైపు చూసింది. చెప్పులు గీతకి అవతలే ఉన్నాయి.

"నేనెప్పుడూ లోపలికి రాలేదు కదా?"

"రాలేదు. ఒక్కసారీ రాలేదు. నేనే బయటికి వచ్చాను."

"నీ చేతికి చేప ఇచ్చాను."

"ఇచ్చావు. అంతే."

 ఆ లాన్ మొహం ఎర్రబడింది. కోపమో ఇంకేదో చెప్పడం కష్టం. డబ్బా బండి సీటు మీద పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"ఆ మాగ తలలన్నీ ఎవరు తిన్నారు?"

"నేనే."

"నీకు తల పడదని సామి చెప్పాడు."

"పడదు."

"ఆరు వారాలు!" అంది ఆ లాన్. "ఆరు వారాలు నేను ఆ సామికి కథ చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా. ఏం మనిషివి ఆచీ నువ్వు?" గొంతు పెద్దదైంది. లెచ్చుమి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. "ఆ రోజే చెప్తే నేను వినేదాన్ని కానా? నాకు సామి ఎవరూ కాడా?"

 పాపాయి గొలుసు పట్టుకుని నిలబడింది. తిట్టేవి తిట్టి వెళ్ళిపోతుందనుకుంది. వెళ్ళిపోవాల్సిందే కూడా.

లోపల మూడు గంటల పాట మొదలైంది. ఆ కథ ముందు వచ్చే పాట. సముద్రం మీద కొంగలు ఎగురుతాయి, ఐసమ్మ కొప్పు ముడేసుకుంటుంది. ఇద్దరికీ తెలుసు, ఆ పాట ఒకటిన్నర నిమిషం.

ఆ లాన్ ముక్కు చీదుకుంది. "మీ టీవీ వైరు ఎంత పొడుగు?"

"ఏం?"

"ఎంత పొడుగు అంటున్నా. గుమ్మం దాకా వస్తుందా?"

లెచ్చుమి చెంగు దోపుకుని వచ్చేసింది. పాపాయీ లెచ్చుమీ కలిసి టీవీని బల్లతో సహా గుమ్మం దాకా ఈడ్చుకొచ్చారు. "ఏటొదినా, టీవీకి ఊరేగింపా?" అంది లెచ్చుమి, రొప్పుతూ. అంతకన్నా ముందుకి వైరు రాలేదు. బొమ్మని గేటు వైపు తిప్పారు. ఆ లాన్ గేటు అవతల బండి స్టాండు వేసి, సీటు మీద అడ్డంగా కూర్చుని, ఎండకి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏ బొత్తాం నొక్కితే చీనా అక్షరాలు వస్తాయో అక్కడినించే అరిచి చెప్పింది. మూడోసారికి వచ్చాయి.

"చిన్నవి. సగం కనపడ్డం లేదు."

"కనపడ్డవే చదువు," అంది పాపాయి.

చదివింది. గేటు అవతలనించి వరండా దాకా వినపడాలి కాబట్టి కేకలేసి చదివింది. ఐసమ్మ మెల్లగా మాట్లాడినా ఆ లాన్ నోట కేకలే. పాపాయి దాన్ని తెలుగు చేసి లెచ్చుమికి చెప్పింది. ఎందుకంటే లెచ్చుమి ఈ కథ ఒక్క భాగమూ చూడలేదు, ప్రతిదానికీ "ఈడెవడు? ఆవిడెవర్తె?" అంటూనే ఉంది. సూదోడు అంటే సూదులేసేవాడు, ఐసమ్మ అంటే ఐసమ్మే అని పాపాయి చెప్పుకుపోయింది. నడిచి పోతున్న మలాయి టీచరమ్మ ఒకావిడ ఆగి, ఈ ముగ్గుర్నీ చూసి, ఏమనుకుందో, నవ్వి వెళ్ళిపోయింది. సొతొంగ్ డబ్బా గేటు ఊచల మధ్యనించి లోపలికి వచ్చింది, వేరుశనక్కాయలు సగం ఇటు, సగం అటు.

ఆఖరి భాగంలో పెళ్ళి. సూదోడికీ ఐసమ్మ కూతురికీ. ఊరంతా పొడుగాటి బల్లల ముందు కూర్చుని తిన్నారు. తిన్నారు, తాగారు, పాడారు. వలల తాత పెళ్ళాం కూడా కూర్చుంది. ఆవిడ మొహం దగ్గరగా చూపిస్తే పాపాయి ముందుకి వంగింది.

"ఏమంటోంది?"

"ఇంకో గిన్నె చారు పొయ్యమంటోంది."

"ఇంకా?"

"అంతే. చారు వేడిగా లేదంటోంది."

మళ్ళీ సముద్రం, కొంగలు, పేర్లు పైకి పోవడం.

"అంతేనా?" అంది పాపాయి.

"అంతే. హాబిస్. అయిపోయింది."

"నలభై రోజులు చూపించి, తినేసి ఊరుకున్నారా?"

"పెల్లిలో ఇంకేటి సేత్తారొదినా," అంది లెచ్చుమి, సొతొంగ్ నములుతూ.

ఆ లాన్ బండి దిగి, ఖాళీ డబ్బా ఇమ్మని చెయ్యి చాపింది. పాపాయి కడిగి ఇస్తానంది. అక్కర్లేదంది. హెల్మెట్టు పెట్టుకుంది. నూరు రోజులకి ఇంకా ఇరవై ఎనిమిది ఉన్నాయి. ఈ ఇరవై ఎనిమిది రోజులూ వస్తుందా, వచ్చినా గేటు ముందు బండి ఆపుతుందా, పాపాయి అడగలేదు.

"బాలిక్ డులు," అంది ఆ లాన్. ఇంక ఇంటికెళ్తున్నా అని. రేపు అనలేదు. మాగ మాట ఎత్తలేదు. బండి తోట మలుపు దాకా వెళ్ళి, లారీకి దారి ఇచ్చి, కనపడకుండా పోయింది.

టీవీ లోపలికి లాక్కొచ్చి పెట్టారు. వరండా నిండా వేరుశనగ తొక్కలు. గేటు అవతల, బండి నిలబెట్టిన చోట, ఇంకో కుప్ప. లెచ్చుమి చీపురు అందుకుంది.

"తప్పుకోవొదినా, రెండు నిమిసాల్లో ఊడ్సేత్తాను."

పాపాయి ఆవిడ చేతిలోంచి చీపురు తీసుకుంది. ఎవరైనా ఇంట్లోంచి వెళ్ళిన వెంటనే వాళ్ళ వెనకాల ఊడవరు. తిరిగి రావాల్సినవాళ్ళకి అలా చెయ్యరు. నారాయణసామిని వ్యాను ఎక్కించిన రోజు, వ్యాను మలుపు తిరక్కుండానే ఆడవాళ్ళు ఇల్లంతా ఊడ్చి నీళ్ళు కొట్టేశారు. అది పద్ధతి. అందులో ఎవరి తప్పూ లేదు.

"ఉండనీ. ఇప్పుడే కదా ఎల్లింది," అని చీపురు తలుపు వెనకాల పెట్టేసింది.